చలికి తట్టుకునే సైక్లమెన్ జాతులు: పెంచే విధానం, సేకరించే పద్ధతి

శీతకాలంలో పూల దుకాణాలలో కుండీలలో కనిపించే పెద్ద పూల సైక్లమెన్ (దుంప నుండి పెరిగే పూల మొక్క), పెర్సికం అనే జాతి నుండి తోటమాలులు తరతరాలుగా ఏరి పెంచుకుంటూ వచ్చిన రకం. నీరు గడ్డకట్టేంత చలిలో ఆరుబయట వదిలితే అది నిలవదు. దాని బంధువులైన అడవి జాతులు కొన్ని మాత్రం మంచు కింద కూడా ఆకు చెడకుండా ఉండి, తక్కిన తోటంతా మోడుబారిన కాలంలో అంగుళమైనా లేని పూలను గుత్తులుగా పూస్తాయి. ఇంగ్లండు, జర్మనీలలోగానీ అమెరికాలోని సియాటిల్, న్యూజెర్సీ వంటి చోట్లగానీ స్థిరపడి, ఇంటి వెనక ఒక చెట్టూ దాని కింద కొంచెం నేలా ఉన్న తెలుగువారికి వీటిని మించిన మొక్కలు లేవని నా అభిప్రాయం. ఒక దుంప సరైన చోట కుదురుకుంటే పదుల ఏళ్ళు బతుకుతుంది. పైగా జాతికొక ఆకు, జాతికొక పూత కాలం ఉండటం వలన సేకరించే ఆసక్తి ఉన్నవారికి ఇవి ఎన్నటికీ విసుగు పుట్టించవు.

సైక్లమెన్ ప్రజాతిలో ఇరవైకి పైగా జాతులు ఉన్నాయి. వాటిలో అధిక భాగం మధ్యధరా సముద్రం చుట్టూ, తూర్పున టర్కీ, కాకసస్ పర్వతాలు, ఉత్తర ఇరాన్ వరకు పెరుగుతాయి. ఒక్క జాతి మాత్రం వీటికి ఎంతో దూరంగా సోమాలియా ఉత్తర భాగంలో ఉంది. ఆ ప్రాంతాలలో సాధారణంగా వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా గడుస్తుంది. అందువలన మొక్క శరదృతువులో మేలుకొని, చలికాలమంతా ఆకులతో ఆహారం తయారుచేసుకొని, ఎండలు ముదిరే సరికి ఆకులు రాల్చి దుంపగా నేలలో నిద్రపోతుంది. ఏ జాతిని తెచ్చుకున్నా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అది పుట్టిన చోట వేసవిలో నేల ఎంత పొడిగా ఉంటుంది? నాటే చోటు, నీరు పెట్టే తీరు, లోతు, కుండీయా నేలా అన్న నిర్ణయం, ఇవన్నీ ఆ ఒక్క జవాబును బట్టే ఉంటాయి.

హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ ఈ జాతులను నేలలో నిలుపుకోవడం కుదిరే పని కాదని ఇక్కడే చెప్పడం మంచిది. అందుకు ఎండ ఒక్కటే కారణం కాదు. దుంప నిద్రపోవలసిన నెలల్లోనే అక్కడ నైరుతి వానలు కురుస్తాయి, వేడీ తడీ కలిసి దుంపను కుళ్ళబెడతాయి. మొక్క మేలుకొనే కాలానికి కావలసిన చల్లదనం కూడా అక్కడ దొరకదు.

ముందుగా తెచ్చుకోవలసిన జాతులు

కొత్తగా మొదలుపెట్టేవారు హెడెరిఫోలియం జాతితో ఆరంభించాలి. దక్షిణ ఫ్రాన్స్ నుండి ఇటలీ, గ్రీసుల మీదుగా పశ్చిమ టర్కీ వరకు పెరిగే ఈ మొక్క ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు గులాబీ రంగులోనో తెల్లగానో పూస్తుంది. తరచుగా పూలే ముందు వస్తాయి. బోసి నేలలోంచి పూల కాడలు మాత్రమే పైకి లేచి, కొన్ని వారాల తరువాత ఆకులు విచ్చుకొని వసంతం చివరి దాకా నేలను కప్పి ఉంచుతాయి. పువ్వును చేతిలోకి తీసుకొని చూస్తే, వెనక్కి మడిచిన ప్రతి రేకూ మొదట్లో రెండు పక్కలా చిన్న చెవుల వంటి మడతలు కనిపిస్తాయి. శరదృతువులో పూసే చిన్న జాతులలో సిలిసియం, మిరాబిలే వంటి వాటికి ఈ చెవులు ఉండవు కనుక, పేరు చీటీ పోయిన మొక్కను గుర్తుపట్టడానికి ఇది పనికొచ్చే ఆనవాలు. దీని దుంప పైభాగం నుండి, పక్కల నుండి వేళ్ళు వేస్తుంది, అడుగున వేళ్ళు ఉండవు. ముసలి దుంపలు భోజనం పళ్ళెమంత వెడల్పు కావడం కూడా ఉంది.

రెండవది కౌమ్. బల్గేరియా, టర్కీ ఉత్తర తీరం, క్రిమియా, కాకసస్ ప్రాంతాలు దీని పుట్టిళ్ళు. దీని ఆకులు గుండ్రంగా, చిన్నగా ఉంటాయి; పూలు పొట్టిగా, బొద్దుగా ఉండి డిసెంబరు నుండి మార్చి వరకు వస్తాయి. హెడెరిఫోలియంకు భిన్నంగా దీని వేళ్ళు దుంప అడుగు భాగం మధ్య నుండి దిగుతాయి. ఈ రెండు జాతులూ కలిసి ఆగస్టు చివరి నుండి మార్చి దాకా, మధ్యలో నవంబరు తప్ప, తోటలో ఏదో ఒక పువ్వు ఉండేటట్టు చూస్తాయి. అయితే రెండింటినీ ఒకే మడిలో కలిపి నాటకూడదు. హెడెరిఫోలియం ఆకులు పెద్దవి, దాని పిల్లమొక్కలు త్వరగా వ్యాపిస్తాయి. కొన్నేళ్ళకు కౌమ్ దాని నీడలో నలిగిపోతుంది. చెట్టుకు ఒక పక్క ఒకటి, మరో పక్క ఇంకొకటి నాటితే రెండూ సుఖంగా ఉంటాయి.

మూడవదైన పర్పురాసెన్స్ ఈ కుటుంబపు పద్ధతికి మినహాయింపు. ఆల్ప్స్ పర్వతాలు, స్లొవేనియా, క్రొయేషియా ప్రాంతాలలో సున్నపురాతి నేలల మీద, బీచ్ అనే ఆకు రాల్చే చెట్ల అడవులలో ఇది పెరుగుతుంది. అక్కడ వేసవిలోనూ వానలు ఉంటాయి కాబట్టి ఇది దాదాపు ఏడాది పొడవునా ఆకులతో ఉండి, జూలై నుండి సెప్టెంబరు వరకు మంచి సువాసన గల పూలు పూస్తుంది. గడ్డ కట్టే చలిని ఓర్చుకోవడంలో ఇది అన్నిటికంటే గట్టిది. వేసవిలో నేల ఎండిపోతే మాత్రం ఓర్చుకోదు. కనుక తక్కిన వాటితో పాటు దీన్ని కూడా వేసవిలో ఎండబెట్టడం దాన్ని చంపుకోవడమే. దీనికి సున్నం కలిసిన నేల, దట్టమైన నీడ, రెండు అంగుళాల లోతు, మీద ఆకుమట్టి పొర కావాలి.

ఈ మూడూ కుదురుకున్నాక టర్కీకి చెందిన చిన్న జాతులు వరుసగా చేరతాయి. టారస్ పర్వతాల పైన్ అడవులలో పెరిగే సిలిసియం శరత్తులో లేత గులాబీ రంగు పూలు పూస్తుంది, వాటికి తేనె వాసన ఉంటుంది. నైరుతి టర్కీకి చెందిన మిరాబిలే పూరేకుల అంచులు సన్నని పళ్ళతో కత్తిరించినట్టు ఉంటాయి. దాని లేత ఆకుల మీద గులాబీ ఛాయ కమ్ముకొని ఉండటం చూడగానే ఆకట్టుకుంటుంది. ఇంటామినాటం వీటన్నిటిలో బుల్లిది, తెల్లని రేకుల మీద బూడిద రంగు ఈనెలతో ఉంటుంది. నేలలో నాటితే మరుగున పడిపోతుంది కాబట్టి చిన్న కుండీలో కంటికి దగ్గరగా పెంచుకోవడమే సరి. ఆల్పినం రేకులు నిటారుగా లేవకుండా అడ్డంగా విమానపు పంకాలా తిరిగి ఉంటాయి. వసంతంలో పూసే సూడిబెరికం ముదురు ఊదా గులాబీ రంగుతో, సువాసనతో గొప్ప అందగత్తె. నీరు నిలవని చోట ఇంగ్లండు దక్షిణ ప్రాంతపు చలికి నిలుస్తుంది. ఇటలీ, కోర్సికా, దక్షిణ ఫ్రాన్స్ అడవుల రెపాండం ఏప్రిల్, మే నెలలలో పూస్తుంది. దాన్ని తక్కిన వాటికంటే లోతుగా, చెట్ల వేళ్ళ మధ్య నాటాలి.

గ్రేకం, లిబనోటికం, సిప్రియం, రోల్ఫ్సియానం వంటివి గట్టి చలికి ఆగవు. వాటిని అద్దాల గదిలో, మంచు తగలకుండా పెంచాలి. గ్రేకం ఆకుల మీది వెండి గీతల కోసమే దాన్ని పెంచేవారు ఎందరో ఉన్నారు, అందులో తప్పులేదు. దాని లావాటి వేళ్ళు వేసవిలో కూడా చావవు కనుక, కుండీ పైభాగం ఎండ తగిలి పొడిగా ఉన్నా అడుగున కొంచెం తేమ మిగిలేటట్టు ఇసుకలో సగం పాతిపెట్టి ఉంచుతారు.

దుంపలు కొనేటప్పుడు

పొట్లాలలో వేలాడదీసి అమ్మే ఎండు దుంపలను కొనవద్దు. ఎండిపోయిన దుంప మళ్ళీ వేళ్ళు వేయడానికి ఏడాది పట్టవచ్చు, ఎన్నో అసలు లేవవు. ఇంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. 1970, 1980 దశకాలలో టర్కీ కొండల నుండి అడవి దుంపలను లక్షల కొద్దీ తవ్వి యూరప్ అంగళ్ళకు పంపేవారు. కొన్ని కొండవాలులు బోసిపోయాయి. ఇప్పుడు సైక్లమెన్ జాతులన్నీ అంతరించే ప్రమాదం ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నాయి, అంటే అనుమతి పత్రం లేకుండా అడవి జాతుల దుంపలను దేశం దాటించడం నేరం. విహారయాత్రకు గ్రీసుకో టర్కీకో వెళ్ళినప్పుడు కొండ మీద కనిపించిన దుంపను సంచిలో వేసుకోవడం చట్టం ప్రకారమే కాక న్యాయం ప్రకారం కూడా తప్పే. ఫొటో తీసుకొని, ఆ చోటు నేల ఎలా ఉందో, ఏ చెట్ల కింద పెరుగుతోందో రాసుకొని రావాలి. ఆ సమాచారం ఇంటి దగ్గర మొక్కను పెంచేటప్పుడు దుంపకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

నర్సరీలో గింజ నుండి పెంచి, కుండీలో ఆకులతో ఉన్న మొక్కనే కొనాలి. ఆకు మీది గీతలు కళ్ళతో చూసి ఎంచుకోవచ్చు, వేళ్ళు బతికి ఉన్నాయన్న భరోసా ఉంటుంది, ఏది పైభాగమో ఏది అడుగో అన్న సందేహమూ రాదు. దుంపను వేలితో నొక్కి చూసినప్పుడు గట్టిగా ఉండాలి. మెత్తగా తగిలితే లోపల కుళ్ళు మొదలైనట్టే.

నేలలో నాటడం

ఆకు రాల్చే చెట్టు కింద చోటు అన్నిటికంటే శ్రేష్ఠం. చలికాలంలో కొమ్మలు బోసిపోయి వెలుతురు దిగుతుంది, వేసవిలో చెట్టు వేళ్ళు నేలలోని నీటిని పీల్చుకొని దుంపలకు కావలసిన పొడి నిద్రను అవే ఇస్తాయి. ఏ మొక్కా బతకక చాలామంది వదిలేసే ఇలాంటి ఎండు నీడలోనే హెడెరిఫోలియం వర్ధిల్లుతుంది. నీరు నిలిచే పల్లపు చోటు మాత్రం పనికిరాదు. జిగట మట్టి అయితే సన్నని కంకర, ఆకుమట్టి బాగా కలిపి, మడిని కొంచెం ఎత్తు చేసి నాటాలి.

హెడెరిఫోలియం, కౌమ్ దుంపల మీద అంగుళం నుండి అంగుళంన్నర మట్టి చాలు. దుంపకూ దుంపకూ మధ్య జానెడు ఎడం వదలాలి. నాటిన మొదటి ఏడు శరత్తులో వానలు ఆలస్యమైతే నీరు పెట్టాలి; తరువాత ఆ అవసరం సాధారణంగా ఉండదు. ప్రతి ఏడూ వేసవి చివర, మొగ్గలు లేవక ముందే వేలెడు మందాన జల్లించిన ఆకుమట్టి పరిస్తే చాలు, వేరే ఎరువు అక్కరలేదు. చెట్టు నుండి రాలిన పెద్ద ఆకులు దట్టంగా పేరుకుంటే మాత్రం చేత్తో తీసేయాలి, లేకపోతే వాటి కింద తడి నిలిచి బూజు పడుతుంది.

గింజల నుండి పెంచడం

సైక్లమెన్ దుంప పిలకలు వేయదు. దుంపను ముక్కలు కోసి పెంచవచ్చని కొందరు చెబుతారు కానీ కోసిన చోట కుళ్ళు సోకే ప్రమాదమే ఎక్కువ. కనుక సేకరణ పెరగాలంటే గింజే దారి, ఈ మొక్కల అసలు విశేషం కూడా అక్కడే ఉంది. పూరేకులు రాలిన తరువాత, పెర్సికం తప్ప తక్కిన జాతులలో కాయను మోసే కాడ స్ప్రింగులా చుట్టలు చుట్టుకొని కాయను నేల మీదికి లాగుతుంది. చాలా జాతులలో ఈ చుట్ట కాయ దగ్గర మొదలై కిందికి సాగుతుంది. గ్రేకంలో కాడ మధ్య నుండి మొదలవుతుంది. కాయ అలాగే నెలల తరబడి నేలకు ఆనుకొని ఉండి, శరత్తులో పూసిన హెడెరిఫోలియం అయినా చలికాలంలో పూసిన కౌమ్ అయినా మరుసటి వేసవి తొలి నెలలలోనే పండుతుంది.

జూన్ నుండి కాయలను రెండు రోజులకొకసారి వేలితో తాకి చూస్తూ ఉండాలి. గట్టిగా ఉన్న కాయ మెత్తబడి, మొన దగ్గర పగులు కనిపించిన రోజే కోయాలి. విప్పితే లోపల గోధుమ రంగు గింజలు జిగురుగా, ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. ఆ తియ్యని జిగురు కోసం చీమలు వచ్చి గింజలను పుట్టలకు మోసుకుపోతాయి. అడవిలో మొక్క తల్లికి దూరంగా వ్యాపించేది అలాగే. కాయ పూర్తిగా విచ్చుకునే దాకా ఆగితే చీమలు ఒక్క గింజనూ మిగల్చవు. నాకైతే నేలలో ఉన్న మొక్కల గింజలలో కొన్నిటిని చీమలకే వదిలేయడం ఇష్టం. గోడ పగుళ్ళలో, చెట్టు మొదళ్ళలో అవి నాటిన మొక్కలు మనం నాటిన వాటికంటే బాగా కుదురుతాయి.

కోసిన గింజలను ఆలస్యం లేకుండా విత్తాలి. తాజా గింజ కొన్ని వారాలలో మొలుస్తుంది. ఎండి నిలవ ఉన్న గింజకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. నిలవ గింజలను ఒక పూటంతా గోరువెచ్చని నీటిలో, గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క కలిపి నానబెట్టి కడిగితే పై పొర మెత్తబడుతుంది. కుండీలో గింజలు విత్తడానికి వాడే మట్టికి సమానంగా సన్నని కంకర కలిపి నింపి, గింజలను అంగుళం ఎడంగా పరిచి, మీద అర సెంటీమీటరు మందాన కంకర పోయాలి. గింజకు వెలుతురు తగలకూడదు. పదిహేను, పద్దెనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి దీనికి అనుకూలం. ఇరవై దాటితే మొలక ఆగిపోతుంది. అందుకే కుండీని వేసవిలో కిటికీ పక్కన పెట్టకుండా, ఇంటికి ఉత్తరం వైపు నీడలో, తేమ ఆరకుండా ఉంచాలి.

మొలక వచ్చే తీరు మొదటిసారి చూసేవారిని కలవరపెడుతుంది. గింజ నుండి ముందుగా చిన్న దుంప తయారై, ఆ తరువాతే ఒకే ఒక్క ఆకు పైకి వస్తుంది. కంకర మీద ఏమీ కనిపించక పోయినా లోపల పని సాగుతూనే ఉంటుంది కనుక, రెండవ శరత్తు గడిచే దాకా ఏ కుండీనీ పారబోయకూడదు. మొదటి ఏడాది పిల్లమొక్కలను పెద్ద దుంపల్లా ఎండబెట్టవద్దు. ఆకు ఉన్నంత కాలం సన్నగా నీరు పెడుతూ పోతే దుంప ఆ మేరకు పెరుగుతుంది. ఇరుకుగా పెరగడం వాటికి ఇబ్బంది కాదు, రెండవ ఏడు వేసవి చివర విడదీసి వేరు వేరు కుండీలలో నాటవచ్చు. కౌమ్, హెడెరిఫోలియం సాధారణంగా రెండు మూడేళ్ళలో పూతకు వస్తాయి. కొన్ని జాతులకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

కుండీల సంరక్షణ

కుండీ మట్టిలో ఒక వంతు మంచి తోటమట్టి, ఒక వంతు ఆకుమట్టి, ఒక వంతు సన్నని కంకర ఉంటే చాలు. మట్టికుండీ త్వరగా ఆరుతుంది కనుక పర్పురాసెన్స్ తప్ప తక్కిన వాటికి మేలు. ఆగస్టు చివర ఒకసారి బాగా నీరు పెట్టి మేల్కొలపాలి, ఆ తరువాత పైమట్టి ఆరినప్పుడే పెట్టాలి; నీరు కుండీ అంచున పోయాలి, దుంప నడినెత్తి మీద పడకూడదు. ఆకులు ఉన్నంత కాలం నెలకొకసారి టమాటా మొక్కలకు వాడే పొటాష్ ఎరువును సగం పాళ్ళలో ఇస్తే పూత బాగుంటుంది. నత్రజని ఎక్కువైతే ఆకులు మెత్తబడి బూజుకు లొంగుతాయి. వాడిన పువ్వునూ పండిన ఆకునూ కత్తిరించవద్దు. కాడ మొదట పట్టుకొని కొంచెం మెలితిప్పి లాగితే దుంప దగ్గర శుభ్రంగా ఊడి వస్తుంది, మిగిలిన మోడు నుండి బూడిద బూజు లోపలికి పాకే అవకాశం ఉండదు.

ఈ మొక్కలకు అసలు శత్రువు వైన్ వీవిల్ అనే నల్లని ముక్కు పురుగు. ఆకుల అంచులు అర్ధచంద్రాకారంలో కొరికి ఉంటే పెద్ద పురుగు వచ్చినట్టు. దాని తెల్లని పిల్లపురుగులు మట్టిలో దుంపను తొలిచేస్తాయి, ఆకులు ఉన్నట్టుండి వాలిపోయే దాకా సంగతి తెలియదు. శరత్తు తొలి రోజులలో, మట్టి ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు, ఈ పిల్లపురుగులను చంపే సూక్ష్మమైన నులిపురుగులను నీటిలో కలిపి పోయడం మంచి నివారణ; ఇవి తోట దుకాణాలలో దొరుకుతాయి. ఉడుతలు, ఎలుకలు కొత్తగా నాటిన దుంపలను తవ్వకుండా మట్టి పైపొర కింద ఇనుప వల పరచాలి. దుంపలో విష పదార్థం ఉంది కనుక పిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందనివ్వకూడదు.

సేకరణను పెంచుకోవడం

జాతులు పోగయ్యాక చాలామంది దృష్టి ఆకుల మీదికి మళ్ళుతుంది. హెడెరిఫోలియం ఒక్కదానిలోనే బాణపు మొన ఆకారం నుండి పూర్తిగా వెండి రంగు వరకు లెక్కలేనన్ని ఆకులు కనిపిస్తాయి. కౌమ్‌లో సీసపు ఛాయ ఆకుల రకాలు, ఆకు మధ్య ఆకుపచ్చని క్రిస్మస్ చెట్టు బొమ్మ తేలే రకాలు ప్రసిద్ధం. గింజల మొక్కలు తల్లిని పూర్తిగా పోలవు. అందువలన విత్తిన కుండీలోని మొక్కలలో బాగున్నవాటిని ఏరి, వాటి గింజలనే మళ్ళీ విత్తుతూ పోతే కొన్ని తరాలకు కోరిన ఆకు నిలకడగా వస్తుంది. ఇందులో తొందరపాటు పనికిరాదు. మొదటి ఆకును చూసి మొక్కను తీసేయకుండా రెండవ ఏటి ఆకులు వచ్చే దాకా వేచి చూడాలి.

దగ్గరి జాతులు ఒకదానితో ఒకటి సంకరం అవుతాయి: కౌమ్‌తో ఆల్పినం, సిలిసియంతో ఇంటామినాటం, లిబనోటికంతో సూడిబెరికం. అసలు జాతిని కలుషితం కాకుండా కాపాడాలంటే గింజ కోసం ఉంచిన కుండీని విడిగా, తేనెటీగలు రాని చోట పెట్టి, చిన్న కుంచెతోగానీ వేలి గోటి మీద పుప్పొడి రాల్చిగానీ స్వయంగా పరాగసంపర్కం చేయాలి. ఆ కాడకు రంగు దారం కట్టి ఉంచితే కాయ పండే నాటికి ఏది ఏదో తెలుస్తుంది.

పేరు లేని మొక్క ఎంత అందమైనదైనా సేకరణలో దానికి విలువ సగమే. ప్రతి కుండీకీ జాతి పేరు, గింజ ఎక్కడి నుండి వచ్చిందో, విత్తిన తేదీ రాసిన చీటీ ఉండాలి. పెన్ను సిరా ఎండకు వెలిసిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. ఒక చీటీని కుండీ లోపల మట్టిలో కూడా పాతితే పైది పోయినా నష్టం లేదు. వీటినే ఒక పుస్తకంలోనూ ఎక్కించుకోవాలి. అడవిలో చట్టబద్ధంగా సేకరించిన గింజలకు సేకరణ సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను చీటీ నుండి చీటీకి తప్పకుండా మోసుకుపోవాలి, ఎందుకంటే ఆ మొక్క ఏ కొండకు చెందినదో చెప్పేది అదొక్కటే.

అరుదైన జాతులు అంగళ్ళలో దొరకవు, గింజల మార్పిడిలో దొరుకుతాయి. 1977లో బ్రిటన్‌లో ఏర్పడిన సైక్లమెన్ సొసైటీ తన సభ్యులకు ఏటా గింజలు పంచుతుంది; బ్రిటన్‌లోని ఆల్పైన్ గార్డెన్ సొసైటీ, అమెరికాలోని నార్త్ అమెరికన్ రాక్ గార్డెన్ సొసైటీ పట్టికలలోనూ సైక్లమెన్ గింజలు ఉంటాయి. సైటీస్ అనుమతి గింజలకు అవసరం లేదు కానీ, దేశం దాటి పంపే గింజలకు ఆయా దేశాల మొక్కల ఆరోగ్య నిబంధనలు వర్తిస్తాయి. తెప్పించుకునే ముందు అవి చూసుకోవాలి. మీ గింజలను పంపేటప్పుడు జిగురు ఆరేదాకా ఒకటి రెండు రోజులు నీడలో కాగితం మీద ఉంచి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు పొట్లంలో కట్టి, జాతి పేరుతో పాటు కాయ కోసిన నెల, తేనెటీగలు వాలిన పువ్వా, చేత్తో పరాగసంపర్కం చేసినదా అన్నది కూడా పొట్లం మీద రాయాలి.